సోలార్ యూనిట్ రెండున్నరకే వస్తుంటే కరెంటు బిల్లు ఎందుకు దిగట్లేదు?

పొద్దుతిరుగుడు
ఒక లెక్క నాకు తెగట్లేదు, ఎవరైనా విప్పి చెప్పండి. కర్నూలు సోలార్ పార్కు టెండరులో 2015లో యూనిట్ 4.63 పలికింది. 2017 ఏప్రిల్లో కడపకి 3.15. ఆ మరుసటి నెలలోనే రాజస్థాన్‌లో భడ్లా దగ్గర 2.44. 2021 డిసెంబరులో ఏపీ సెకీతో (కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ) రాసుకున్నది 2.49. సరుకు ఇంత చవకయ్యాక డిస్కంల (కరెంటు పంపిణీ కంపెనీలు) కొనుగోలు ఖర్చు దిగాలి కదా. అది దిగకపోగా 2023లో ఏపీ బిల్లులో ఇంధన సర్దుబాటు అంటూ యూనిట్‌కి 40 పైసలు మొదలైంది. మధ్యలో ఎవరు తింటున్నారు?

మెరిట్_ఆర్డర్
తినేవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. థర్మల్ ప్లాంటు బిల్లు రెండు ముక్కలు. ఒకటి స్థిర ఛార్జీ: కట్టడానికి తెచ్చిన అప్పు, వడ్డీ, పెట్టుబడి మీద రాబడి, జీతాలు. రెండోది చర ఛార్జీ, అంటే బొగ్గు. ప్లాంటు 85 శాతం సిద్ధంగా ఉన్నానని ప్రకటిస్తే చాలు, డిస్కం కరెంటు తీసుకోకపోయినా స్థిర ఛార్జీ పూర్తిగా కట్టాల్సిందే. పీపీఏలు, అంటే కరెంటు కొనుగోలు ఒప్పందాలు, మామూలుగా 25 ఏళ్ళవి.

నమూనా అంకెలతో చూడండి. 85 శాతం నడిచినప్పుడు స్థిరం 2 రూపాయలు, చరం 3.50, మొత్తం 5.50. పగలు సోలార్ వచ్చి వాడకం 55 శాతానికి పడింది. ఆ స్థిర ఛార్జీనే ఇప్పుడు తక్కువ యూనిట్ల మీద పంచాలి: 2 × 85 ÷ 55 = 3.09. అదే ప్లాంటు యూనిట్ 6.59 అయి కూర్చుంటుంది. కాబట్టి 2.49కి సోలార్ కొంటే డిస్కంకి మిగిలేది 5.50కీ 2.49కీ తేడా కాదు. మిగిలేది బొగ్గు ఖర్చుతో తేడా మాత్రమే: 3.50 − 2.49 = 1.01. ఆ రూపాయిలోంచే సాయంత్రం కొనుగోళ్ళు కూడా సర్దుకోవాలి.

పేచీకోరు
అంటే అక్కర్లేని థర్మల్‌కి సంతకాలు పెట్టినవాళ్ళ పాపం సోలార్ మోస్తోందన్నమాట.

మెరిట్_ఆర్డర్
@పేచీకోరు సగం నిజం. మిగతా సగం ఏంటంటే రాత్రి ఏడున్నరకి ఆ థర్మలే కావాలి. మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం వేద్దామంటే కుదరదు, బాయిలర్ చల్లారితే మళ్ళీ వేడెక్కడానికి గంటలు పడుతుంది, ఆయిల్ కాల్చాలి. అందుకే టెక్నికల్ మినిమం (ఆపకుండా నడపగల కనీస లోడు) మీద నడుపుతారు. కేంద్ర ప్లాంట్లకి అది 55 శాతం. దాన్ని దశలవారీగా 40కి దించాలని సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) 2023లో నిబంధనలు తెచ్చింది. పాత 210 మెగావాట్ల యూనిట్లని అంత కిందకి దించితే మంట నిలకడగా ఉండదు, ఆయిల్ సపోర్ట్ పెట్టాలి, హీట్ రేటు (యూనిట్‌కి కాలే ఇంధనం) పెరుగుతుంది, ట్యూబు లీకులు ఎక్కువవుతాయి. ఆ ఖర్చూ టారిఫ్‌లోకే వస్తుంది.

టారిఫ్_తాత
అప్పటి పవన విద్యుత్ పీపీఏల కథ కలపకపోతే లెక్క పూర్తి కాదు. ఏపీలో 2015, 2016 ప్రాంతంలో గాలిమరల కరెంటుకి 4.84 దాకా ధర కట్టారు. టెండరు లేదు, ఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) నిర్ణయించిన రేటు. పైన మెరిట్_ఆర్డర్ సూత్రమే వేయండి: బొగ్గు ఆదా 3.50, కట్టేది 4.84. ప్రతి యూనిట్ మీద 1.34 ఎదురు ఖర్చు. పైగా మస్ట్‌రన్, గాలి వీచినప్పుడు తీసుకోనని అనకూడదు.

2019 జులై 1న ప్రభుత్వం జీవో 63తో సంప్రదింపుల కమిటీ వేసింది. అదే నెలలో డిస్కంలు గాలికి 2.43, సోలార్‌కి 2.44కి తగ్గించుకోమని లేఖలు రాశాయి. కంపెనీలు హైకోర్టుకి వెళ్ళాయి. సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆ జీవో కొట్టేసి, ఈఆర్‌సీ తేల్చేదాకా తాత్కాలికంగా అవే 2.43, 2.44 ఇవ్వమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ పీపీఏ రేటే కట్టాలనీ, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలనీ చెప్పింది. దాదాపు మూడేళ్ళు ఆపిన డబ్బు తిరిగి కట్టాల్సి వచ్చింది. పీపీఏని మధ్యలో తిరగదోడే రాష్ట్రం అన్న పేరు పడితే బ్యాంకులు తర్వాతి ప్రాజెక్టులకి వడ్డీ పావుశాతమో అరశాతమో పెంచి అడుగుతాయి. సోలార్‌లో ఖర్చంతా ముందే, ఇంధనం లేదు, కాబట్టి వడ్డీయే ధర. ఈ మాట ఎన్నికల సభలో చెప్పి చూడండి, ఎవరూ చప్పట్లు కొట్టరు.

పొద్దుతిరుగుడు
4.84 ఎక్కువే అయినప్పుడు తగ్గించమని అడగడం తప్పా?

టారిఫ్_తాత
అడగడం తప్పు కాదు. ఈఆర్‌సీ దగ్గర వాదించాలి, లేదా అప్పు గడువు పెంచి రీఫైనాన్స్ చేయించి, దిగిన వడ్డీలో వాటా అడగాలి. నెల తిరక్కముందే సగం రేటు చేయమంటే ఎదుటివాడు లాయర్నే పెట్టుకుంటాడు.

పేచీకోరు
తాతగారూ, 2.49 సెకీ ఒప్పందం కూడా అలాంటిదేనా?

టారిఫ్_తాత
దాని చుట్టూ ఉన్న కేసుల జోలికి పోను. ధర వరకే. 7,000 మెగావాట్లు, రాజస్థాన్‌లో తయారై ఇక్కడికి రావాలి. 2025 జూన్ 30 లోపు పూర్తయిన సోలార్, విండ్ ప్రాజెక్టులకి అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ ఛార్జీ 25 ఏళ్ళు మాఫీ. ఆ తర్వాతవాటికి ఏడాదికి 25 శాతం చొప్పున మాఫీ తగ్గుతూ పోతుంది. ఆ మాఫీ మిగతా వాడకందార్ల నెత్తినే పడుతుంది, తీగలు ఉచితంగా రావు కదా. మాఫీ ఉంటే రాజస్థాన్ కరెంటు చవక, లేకపోతే అనంతపురం కరెంటు చవక. ప్లాంటు ఎక్కడ పెట్టాలో ఎండ కంటే ఈ ఒక్క నిబంధనే ఎక్కువగా తేల్చింది.

బోరుబావి
అందరూ కొనుగోలు వైపే చూస్తున్నారు, వాడకం వైపు రండి. పగటి సోలార్‌కి ఈ రెండు రాష్ట్రాల్లో సహజమైన గిరాకీ వ్యవసాయ మోటర్లే. తెలంగాణలోనే 25 లక్షలకు పైగా కనెక్షన్లు. బోరుకి కరెంటు పగలే కావాలి, రాత్రి పామూ పుట్రా మధ్య పొలం పోవాలని ఎవరికి ఉంటుంది? ఏపీలో పగటిపూట 9 గంటల సరఫరా పద్ధతి దీనికి సరిగ్గా అతుకుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. 24 గంటలు ఉంటే మోటరు రాత్రీ తిరుగుతుంది, అప్పుడు తిరిగేది బొగ్గు మీద.

5 హెచ్‌పీ మోటరు షాఫ్ట్ మీద 3.73 కిలోవాట్లు. 75 శాతం సామర్థ్యం అనుకుంటే తీగలోంచి లాగేది దాదాపు 5. తొమ్మిది గంటలకి 45 యూనిట్లు. పంటకాలంలో 150 రోజులు నడిస్తే 6,750. సరఫరా ఖర్చు యూనిట్‌కి 7 రూపాయలు వేస్తే ఒక్క మోటరుకి 47 వేలు. ఇందులో పగటికి జరిపిన ప్రతి యూనిట్ మీదా బొగ్గు, సోలార్ తేడా మిగులుతుంది.

ఫీడర్11
జరపడం చెప్పినంత తేలిక కాదు. తొమ్మిది గంటలు ఒకేసారి ఇస్తే ఆటో స్టార్టర్లతో తంటా. కరెంటు వచ్చిన క్షణాన లైన్‌లో ఉన్న మోటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. 25 కేవీఏ డీటీఆర్ (పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్) మీద నాలుగు 5 హెచ్‌పీ మోటర్లుంటే నడిచేటప్పుడే అంచు దాకా నిండి ఉంటుంది. లేచే క్షణంలో ఒక్కో మోటరు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు పోతుంది. పోయిన ఫ్యూజు జాగాలో లావు అల్యూమినియం తీగ చుడతారు. ఆ తర్వాత పోయేది ట్రాన్స్‌ఫార్మరే.

మందు కూడా పాతదే. ఆటో స్టార్టర్ తీసేయాలి, లేదా ఒక్కోదానికి ఒక్కో టైమ్ డిలే పెట్టాలి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ కట్టాలి. ఉచిత కరెంటు షరతుల్లో నాలుగూ రాసే ఉన్నాయి: కెపాసిటర్, ఐఎస్ఐ మోనోబ్లాక్ లేదా సబ్‌మెర్సిబుల్, ఘర్షణ లేని ఫుట్‌వాల్వ్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు. టారిఫ్ ఆర్డరులో ఏటా అచ్చవుతాయి. స్టార్టర్ డబ్బా తెరిచి చూస్తే కెపాసిటర్ వైర్లు విప్పేసి పక్కకి వేలాడుతుంటాయి. అది పాడైతే స్టార్టర్ కూడా కాలుతుందని భయం, మార్చేదెవరో తెలీదు.

పేచీకోరు
మోటర్లకి మీటర్లు పెడితే అన్నీ తేలిపోతాయి కదా. ఎందుకు పెట్టనివ్వరు?

బోరుబావి
ఈరోజు మీటరు, రేపు బిల్లు అన్న అనుమానం. అది ఊరికే పుట్టలేదు. 2004 మే 14న వైఎస్ ప్రమాణ స్వీకారం రోజే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు, ఆ తర్వాత ఏ పార్టీ అయినా దాన్ని ముట్టుకునే ధైర్యం చేయలేదు. మధ్యలో కేంద్రం విద్యుత్ సంస్కరణలు చేస్తే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో (జీఎస్‌డీపీ) అర శాతం అదనపు అప్పు ఇస్తామంది. ఏపీ శ్రీకాకుళంలో మీటర్లు పెట్టి చూసింది, తెలంగాణ ససేమిరా అంది. అప్పుకి ముడిపెట్టిన మీటరుని రైతు నమ్ముతాడా?

మోటరుకి అక్కర్లేదు నన్నడిగితే. ప్రతి వ్యవసాయ డీటీఆర్‌కి ఒకటి పెడితే చాలు. ఇప్పుడు కొన్ని డీటీఆర్‌ల మీద నమూనా తీసి, వాటితో రాష్ట్రం మొత్తం వాడకం అంచనా కడుతున్నారు. ఆ అంచనా పెంచితే సబ్సిడీ పెరుగుతుంది, లైన్ నష్టాలు కాగితం మీద తగ్గుతాయి. డిస్కంకి మీటరు లేకపోవడమే సుఖం. రైతు ఒక్కడే అడ్డం పడుతున్నాడనుకోవడం అన్యాయం.

ఫీడర్11
@బోరుబావి చివరి ముక్కకి వంద మార్కులు. కాకపోతే డీటీఆర్ మీటరు మోడెం సిగ్నల్ లేని చోట చచ్చి ఊరుకుంటుంది. వ్యవసాయానికి విడగొట్టిన 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) ఉంటే సబ్‌స్టేషన్‌లో ఒక్క మీటరుతో పని అయిపోతుంది.

కుసుమ్ సి (వ్యవసాయ ఫీడర్ల సోలార్‌కి కేంద్ర పథకం) కింద ఆ ఫీడర్ దగ్గరే సోలార్ పెట్టొచ్చు. మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు. కేంద్ర సాయం 30 శాతం, మెగావాట్‌కి 1.05 కోట్ల దాకా. 19 శాతం సీయూఎఫ్‌తో (పూర్తి సామర్థ్యంలో ఏడాది సగటున వచ్చే వాటా) ఏడాదికి 16.6 లక్షల యూనిట్లు. సబ్‌స్టేషన్‌కి దగ్గర కాబట్టి పైనుంచి తెచ్చే నష్టం మిగులుతుంది.

చెడేది రెండు చోట్ల. ఆగస్టు, సెప్టెంబరులో వానలు పడితే మోటర్లు ఆగుతాయి, కరెంటు 33 కేవీ వైపు వెనక్కి పోవాలి, పాత సబ్‌స్టేషన్ రిలేలు ఆ ఎదురు ప్రవాహానికి సెట్ చేసి ఉండవు. రెండోది ఫీడర్ ట్రిప్. లైను పోతే ఇన్వర్టర్ నిబంధన ప్రకారం ఆగిపోవాలి. చెట్టు కొమ్మ తగిలి పగలు రెండు గంటలు లైను లేకపోతే ప్లాంటువాడికి ఆ రెండు గంటల డబ్బు పోయినట్టే. పీపీఏలో డీమ్డ్ జనరేషన్ షరతు (లైను లేక ఆగిన యూనిట్లకి డబ్బిచ్చేది) ఎలా రాశారో చూడకుండా దిగితే అప్పు వాయిదా దగ్గర తెలుస్తుంది.

గని_గొంతు
మీరంతా యూనిట్ లెక్కలే చెప్తున్నరు. బొగ్గు బాయి ఉన్న ఊర్ల సంగతి ఎవ్వరు ఎత్తుతలేరు. సింగరేణిల తెలంగాణకు 51, కేంద్రానికి 49 వాటా. ఏడాదికి 70 మిలియన్ టన్నుల దగ్గర తీస్తున్నరు. అమ్మకం ధర మీద 14 శాతం రాయల్టీ రాష్ట్రానికి, పాత లీజులైతే ఆ రాయల్టీల 30 శాతం జిల్లా ఖనిజ నిధికి. కొత్తగూడెం, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లిల బడి గదులు, రోడ్లు ఆ పైసలతోనే. దసరాకు లాభాల వాటా పడితేనే గోదావరిఖని బజార్ల బంగారం అమ్ముడుపోతది. సోలార్ ఏ ఊరికి రాయల్టీ కడ్తది?

పొద్దుతిరుగుడు
ఇది నేను ఆలోచించలేదు.

మెరిట్_ఆర్డర్
అన్నా, ఉద్యోగాలు తీసింది సోలార్ కాదు. తొంభైల మొదట్లో లక్ష దాటిన సింగరేణి పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల చిల్లర. అండర్‌గ్రౌండ్ మూసి ఓపెన్ కాస్ట్ తెరిచినప్పుడే, మట్టి తీసే పని కాంట్రాక్టుకి పోయినప్పుడే ఆ పని అయిపోయింది.

గని_గొంతు
@మెరిట్_ఆర్డర్ నేను కాదంటలే. ఉన్న 40 వేలైనా నిలవాలె గద. మిగిలిన కాంట్రాక్టోళ్ళకు లాభాల వాటా హక్కు లేదు, కారుణ్య నియామకం లేదు, క్వార్టర్ లేదు. బాయి బంద్ అయిన్నాడు లిస్టుల పేరే ఉండదు. న్యాయమైన పరివర్తన అని పేపర్ల రాసేటోళ్ళు ముందుగాల ఆ లిస్టు తయారు చెయ్యాలె.

టారిఫ్_తాత
రాయల్టీ ప్రశ్న చాలా గట్టిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 53వ అంశం కరెంటు వాడకం, అమ్మకం మీదే పన్ను వేయనిస్తుంది. ఉత్పత్తి మీద కాదు. రాష్ట్రాలు ఉత్పత్తి మీద పన్నులూ సుంకాలూ వేయకూడదని కేంద్ర విద్యుత్ శాఖ 2023 అక్టోబరులో లేఖ కూడా రాసింది. అనంతపురం భూమి మీద తయారైన కరెంటు వేరే రాష్ట్రంలో వాడితే విద్యుత్ సుంకం ఆ రాష్ట్రానిది. ఇక్కడ మిగిలేది భూమి కౌలు, గడ్డి కోసే పని, పలకలు కడిగే నీళ్ళ ట్యాంకర్. సీమ ఎమ్మెల్యేలు కౌలు రేటు కోసమే పట్టుబట్టడంలో ఆశ్చర్యం లేదు, చేతిలో వేరే అస్త్రం లేదు.

పేచీకోరు
బొగ్గు మీద సెస్సు ఎత్తేశారుగా, మరి దాంతో బిల్లు దిగాలి?

టారిఫ్_తాత
2010లో టన్నుకి 50 రూపాయలతో మొదలై 2016కి 400 అయింది. మొదట స్వచ్ఛ ఇంధన నిధికి అన్నారు, 2017 నుంచి అది జీఎస్టీ పరిహారం ఖాతాకి పోయింది. 2025 సెప్టెంబరు 22న సెస్సు తీసేసి జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు. పాతది 0.05 × ధర + 400, కొత్తది 0.18 × ధర. రెండూ సమానమయ్యేది టన్ను 3,077 దగ్గర. అంతకంటే చవక బొగ్గుకి లాభం, ఖరీదైన బొగ్గుకి భారం. కోల్ ఇండియా కంటే సింగరేణి ధర ఎక్కువ, కాబట్టి ఒడిశా బొగ్గుకి కలిసొచ్చినంత మనకి కలిసిరాదు. కరెంటు జీఎస్టీ పరిధిలో లేదు, జెన్‌కోకి (రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ ఉత్పత్తి సంస్థ) ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, కట్టిన పన్నంతా యూనిట్ ధరలోకే.

డాబామీద
ఇళ్ళ సంగతి. కేంద్రం సూర్యఘర్ పథకం కింద డాబా సోలార్‌కి సబ్సిడీ 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు గరిష్ఠం. 3 కిలోవాట్లకి రోజుకి 12 యూనిట్లు, నెలకి 360. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులకి 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. సున్నా బిల్లు ఉన్న ఇల్లు సోలార్ ఎందుకు పెడుతుంది? పెట్టేది నెలకి 400, 500 యూనిట్లు వాడే ఇల్లు. అదే డిస్కంకి పై స్లాబ్ రేటు కట్టే ఇల్లు. మంచి ఖాతాదారు పోతాడు, సబ్సిడీ ఖాతాదారు ఉంటాడు.

మెరిట్_ఆర్డర్
అదే కత్తికి రెండో వైపు: సున్నా బిల్లు ఇంటి మీద ప్రభుత్వమే పలకలు పెడితే సబ్సిడీ ఏటేటా మిగులుతుంది. ఏపీ ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామని ప్రకటించడంలో లాజిక్ అదే.

డాబామీద
మంచిదే, లైను తట్టుకుంటే. వీధి చివర ఇళ్ళల్లో మధ్యాహ్నం అందరి ఇన్వర్టర్లూ ఒకేసారి తోస్తే వోల్టేజీ 253 దాటుతుంది, ఇన్వర్టర్లు తమంతట తామే కట్ అవుతాయి. ఎండ మండుతున్నప్పుడే యాప్‌లో ఉత్పత్తి సున్నా చూపిస్తుంది. కంపెనీవాడు ఇన్వర్టర్ మార్చమంటాడు. ముందు మల్టీమీటరుతో పన్నెండింటికి వోల్టేజీ చూసి, డీటీఆర్ ట్యాప్ ఒక మెట్టు దించమని ఏఈకి రాయండి.

ఫ్యాక్టరీ_గేటు
మంచి ఖాతాదారు అంటే అసలు హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్) పరిశ్రమ. క్యాప్టివ్ ప్లాంటులో (సొంత వాడకానికి పెట్టుకున్నది) 26 శాతం ఈక్విటీ ఉండి, 51 శాతం కరెంటు మేమే వాడితే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ (రాయితీల భారం కోసం వేసే అదనపు ఛార్జీ) లేదు. డిస్కంని దాటి బయట సోలార్, విండ్ కరెంటు కొనుక్కునే 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలతో కనీస పరిమితి 100 కిలోవాట్లకి దిగింది. రైతుకి, పేదకి ఇచ్చే రాయితీలో పెద్ద వాటా ఇన్నాళ్ళూ హెచ్‌టీ రేట్లలోంచే వచ్చింది. పగలు సొంత సోలార్, రాత్రి డిస్కం అంటే మా బిల్లు తగ్గింది, డిస్కం చేతిలో రాత్రి గిరాకీ ఒక్కటే మిగిలింది.

పేచీకోరు
కనీసం నిజం చెప్పారు. బ్యాటరీలు వస్తే ఈ గొడవ తీరదా?

మెరిట్_ఆర్డర్
నమూనా: మెగావాట్‌కి నెలకి 2.2 లక్షల అద్దె, 2 గంటల బ్యాటరీ. రోజుకి ఒక సైకిల్ (ఒకసారి నింపి ఖాళీ చేయడం) అయితే నెలకి 60 మెగావాట్ అవర్లు లోపలికి, 85 శాతం చొప్పున 51 బయటికి. అద్దె యూనిట్‌కి 4.31. లోపలికి పోసిన 2.50 సోలార్ నష్టంతో 2.94. మొత్తం 7.25. రెండు సైకిళ్ళు నడిపితే అద్దె సగమై మొత్తం 5.10 దగ్గరికి వస్తుంది, కానీ రెండో సైకిల్ రాత్రి బొగ్గుతో నింపాలి, అప్పుడు 2.94 అలాగే నిలవదు. కరెంటు ఎక్స్ఛేంజిలో (రోజువారీ కరెంటు కొనే బజారు) సాయంత్రం గరిష్ఠ ధర 10 రూపాయలు. దానికి ఎదురు పెడితే ఒక సైకిల్ కూడా గిట్టుబాటే, కాకపోతే ధర పదికి చేరే రోజులు ఏడాదిలో ఎన్ని అన్నదే పందెం.

ఎక్స్ఛేంజికి కూడా పరపతి కావాలి. 2022 ఆగస్టులో జెన్‌కోల బకాయిల పేరుతో ఏపీ, తెలంగాణ సహా 13 రాష్ట్రాల డిస్కంలని కొనకుండా ఆపారు. సబ్సిడీ డబ్బు ఆలస్యం, ఎత్తిపోతల పథకాల బిల్లులు, పంచాయతీ వీధి దీపాల బకాయి, అన్నీ అక్కడే తేలాయి.

పొద్దుతిరుగుడు
సరే, ఎవరూ మధ్యలో తినట్లేదు, అందరూ కొంచెం కొంచెం తింటున్నారు. ఈఆర్‌సీ బహిరంగ విచారణలో ఏం అడగాలి?

టారిఫ్_తాత
డిస్కంలు ఏఆర్ఆర్ (వచ్చే ఏడాదికి కావలసిన రాబడి అంచనా) నవంబరు 30కి వేయాలి, కొత్త రేట్లు ఏప్రిల్ 1 నుంచి. మధ్యలో పత్రికా ప్రకటన వస్తుంది, గడువు లోపు అభ్యంతరం రాసి కమిషన్‌కి ఒకటి, డిస్కంకి ఒకటి పంపండి. డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. ప్లాంటు వారీగా బ్యాక్‌డౌన్ చేసిన (తీసుకోకుండా తగ్గించిన) యూనిట్లెన్ని, వాటికి కట్టిన స్థిర ఛార్జీ ఎంత అని అడగండి. వ్యవసాయ అంచనాకి ఎన్ని డీటీఆర్‌ల నమూనా తీశారు, అందులో ఎన్ని మీటర్లు పనిచేశాయి, అది రెండోది.

మెరిట్_ఆర్డర్
ఇంకోటి కలపండి: రోజుకి 96 బ్లాకులు, ఒక్కోటి 15 నిమిషాలు. ఎక్స్ఛేంజి కొనుగోలు నెల సగటు ఇస్తారు, బ్లాకుల వారీగా అడగండి. సగటు నాలుగున్నర అని కనిపిస్తుంది, సాయంత్రం బ్లాకులు పదిలో ఉంటాయి.

పేచీకోరు
మైకు దగ్గర మూడు నిమిషాలు ఇస్తారు. 96 బ్లాకులు ఎప్పుడు చదవాలి?

టారిఫ్_తాత
అందుకే ముందే రాసి పంపమన్నది. వివరాలు ఎక్సెల్‌లో కావాలని అదే లేఖలో రాయండి, లేకపోతే వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్ పంపిస్తారు.